హార్లిక్స్ సీసాలో మూడో చిప్

మా ఎలక్ట్రానిక్స్ ల్యాబులో బీరువా మీద ఒక హార్లిక్స్ సీసా ఉండేది. పిల్లలు కాల్చిన చిప్‌లన్నీ అందులోకే వెళ్ళేవి. ఊరికే పారేసేవాణ్ణి కాదు. ఒక్కోదానికీ దారంతో చిన్న కాగితం ముక్క కట్టి, కాల్చినవాళ్ళ పేరూ తేదీ రాసి మరీ వేసేవాణ్ణి. ప్రతి జూలైలోనూ ఆ సీసా కిందికి దించి కొత్త బ్యాచ్‌కి చూపించి భయపెట్టడం నాకో సరదా.

నా పేరు చంద్రరావు. భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. పాఠాలు చెప్పేవాళ్ళని పిల్లలు సార్ అనేవాళ్ళు. నన్ను మాత్రం చంద్రరావు గారూ అనేవాళ్ళు, అదీ వైరు ముక్కో ఫ్యూజో కావలసినప్పుడు. నాకు ముక్కు మీద కోపం అని కాలేజీ అంతా చెప్పుకునేది. అబద్ధం కాదు. ఇరవై ఏళ్ళు ఎర్ర తీగ నల్ల తీగ తేడా చెబుతూ బతికినవాడికి కోపం రాకపోతే ఏమొస్తుంది?

2003 మార్చిలో వారం తిరక్కుండా ఆ సీసాలోకి ఒకే పేరుతో మూడు చిప్‌లు చేరాయి. ఆ పేరు మంజుష. ఫైనలియర్ అమ్మాయి. మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువున్న వెంకటపతిరాజు గారి కూతురు. నన్ను మాస్టారూ అని పిలిచేది ఆ ఒక్క అమ్మాయే. అలా పిలవమని ఎవరు చెప్పారో నాకు తెలియదు గానీ, ఆ పిలుపుకి లోపల మురిసిపోయి పైకి విసుక్కునేవాణ్ణి.

ఆ రోజుల్లో ఫైనలియర్ ప్రాజెక్టంటే పెద్ద తతంగమేం కాదు. నలుగురు కలిసి ఒక బ్యాచ్ అవుతారు. బస్సెక్కి హైదరాబాదు వెళతారు. అక్కడ తయారుగా అమ్మే పెట్టె ఒకటి కొనుక్కొస్తారు. దాంతో పాటే ఇచ్చిన రిపోర్టు మీద పేర్లు మార్చి బైండింగ్ చేయిస్తారు. ఒక ఏడాది మూడు బ్యాచ్‌లు ఒకే లిఫ్టు బొమ్మ తెచ్చాయి. బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ మూడు లిఫ్టుల్నీ ఎక్కించి దించి, జీడిపప్పు పకోడీ తిని, అందరికీ మంచి మార్కులు వేసి వెళ్ళాడు. అలాంటి కాలేజీలో ఈ పిల్ల ఒక్కతే ఒక మూల బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగాను.

"మా చెరువుకి గంట కడుతున్నాను మాస్టారూ" అంది.

రొయ్యల సంగతి మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. పగలు ఎండలో చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది. రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారే ముందు అడుగంటుతుంది. ఆ వేళకి ఏరేటర్లు తిప్పి నీటిని చిలక్కపోతే రొయ్యలు గట్టు అంచులకి వచ్చేసి చచ్చిపోతాయి. కిందటి ఏప్రిల్లో రాజుగారి చెరువులో అదే జరిగింది. ఇంకో మూడు వారాల్లో రొయ్య పట్టి అమ్మే పట్టుబడి ఉందనగా ఒక్క పూటలో నాలుగెకరాల రొయ్య తెల్లగా తేలింది. ఆ రోజు నుంచి ఆయన గట్టు మీదే నులకమంచం వేసుకుని పడుకుంటున్నారు. గంట గంటకీ లేచి టార్చిలైటు వేసి అంచులు చూసుకుంటున్నారు.

"ఏడాదిగా మా నాన్నగారు ఇంట్లో పడుకోలేదు మాస్టారూ. కూర్చుని అన్నం తింటూనే కునికిపాట్లు పడుతున్నారు. ఆయన పడుకోవాలి. నా ప్రాజెక్టు అంతే" అంది.

ఇరవై ఏళ్ళలో ఎన్నో ప్రాజెక్టుల ఉద్దేశాలు చదివాను. అన్నీ దేశాభివృద్ధి కోసమే రాసినవి. తండ్రి నిద్ర కోసం రాసినది చూడలేదు.

ఆ అమ్మాయి దగ్గర ఒక పాత విదేశీ మీటరు ఉంది. వైరస్ దెబ్బకి మూతపడిన ఒక రొయ్యల కంపెనీ సామాన్లు వేలం వేస్తే రాజుగారు పాడుకున్నది. దాని చివర ఉన్న కడ్డీ నీళ్ళలో ముంచితే ఆక్సిజన్ ఎంతుందో ముల్లు చూపిస్తుంది. వెనకాల రెండు స్క్రూలున్నాయి. కాగితం మీద గీతలు గీసే యంత్రానికి తగిలించుకోవడానికి అవి. ఆక్సిజన్ లేకపోతే అక్కడ సున్నా వోల్టులు, నిండుగా ఉంటే పది వోల్టులు వస్తాయి. మంజుష దాన్ని మైక్రోకంట్రోలర్ చిప్‌కి కలిపి, ఆక్సిజన్ ఒక గీత కన్నా తగ్గితే గంట మోగేలా చేద్దామనుకుంది. ఆ చిప్ ఐదు వోల్టుల వరకే తట్టుకుంటుంది. ఐదు దాటితే చస్తుంది.

మొదటి చిప్‌ని తిన్నగా తగిలించింది. నీళ్ళ గ్లాసులో కడ్డీ ముంచగానే చిప్ వేడెక్కి, ముట్టుకుంటే చెయ్యి కాలింది. సీసాలో పడింది.

"పది వోల్టులొచ్చే చోట ఐదు వోల్టుల చిప్ పెడతావా? కాలవ గండికి కొబ్బరిమట్ట అడ్డం పెట్టినట్టుంది" అని తిట్టాను. తల వంచుకుని విని, నోట్సులో ఏదో రాసుకుంది. తిట్టింది కూడా రాసుకుందేమో అని తొంగి చూశాను. 'సగం చేయాలి' అని ఉంది.

మర్నాడు రెండు సమానమైన రెసిస్టర్లు వరసగా కట్టి, వాటి మధ్య నుంచి చిప్‌కి తీగ లాగింది. పది వస్తే ఐదే అందుతుంది. పెద్ద కాలవ నీటిని తూము పెట్టి బోదెలోకి సగమే వదలడం లాంటిదే. మూడు రోజులు చక్కగా నడిచింది. నాలుగో రోజు ఎవడో కుర్రాడు బల్ల తగిలి కడ్డీ ఊడదీశాడు. మీటరు ముల్లు ఒక్కసారిగా కుడి చివరికి కొట్టుకుంది. వెనకాల పది రావలసిన చోట పద్నాలుగు వచ్చింది. దాంట్లో సగం ఏడు. రెండో చిప్ కూడా సీసాలో పడింది.

"అయితే మీటరు చెప్పినంతే వస్తుందని నమ్మకూడదన్న మాట. మితిమీరితే పక్కకి పొర్లిపోవడానికి ఒక దారుండాలి" అని, జీనర్ డయోడ్ ఒకటి పెడతానంది. ఐదు దాటిన వోల్టేజీని అది పక్కకి పారబోస్తుంది. నాకు నచ్చలేదు. నిన్నగాక మొన్న సోల్డరింగ్ నేర్చుకున్న పిల్ల నాకు చెప్పడమేమిటి? "అదంతా దేనికమ్మా, పెద్ద రెసిస్టరు ఒకటి పెట్టు, చాలు" అన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు వాదించాను.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మూడో చిప్‌ని మంజుష కాల్చలేదు. తను భోజనానికి వెళ్ళినప్పుడు నా మాటే గెలిపించుకుందామని ఆ బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. నేను చెప్పిన రెసిస్టరు పెట్టి, బల్ల మీది పవర్ సప్లై నాబ్ తిప్పాను. పది దాటించాను. పదిహేనుకి తెచ్చాను. చిన్నగా చిటుక్కుమంది. మూడో చిప్ పోయింది. చుట్టూ చూశాను, ఎవరూ లేరు. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అలవాటు ప్రకారం కాగితం ముక్క మీద 'మంజుష' అని రాసి సీసాలో పడేశాను. బోర్డు ఆమెది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తను వచ్చి సీసా చూసింది, బల్ల చూసింది, ఒక్క క్షణం నిలబడింది. "ఇంకొకటి తెప్పిస్తాను మాస్టారూ" అంది. ఈసారి జీనర్ పెట్టింది. నా పెద్ద రెసిస్టరు తీసేసింది. అంత పెద్దదైతే చిప్ లాగే కాసింత కరెంటుకే వోల్టేజీ పడిపోయి లెక్క తప్పుతోందని కొలిచి చూపించింది. తర్వాత మీటరు వైపు నుంచి పదిహేను ఇచ్చింది, ఇరవై ఇచ్చింది, తీగలు తారుమారు చేసి ఇచ్చింది. చిప్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. నోట్సులో ప్రతి కొలతా రాసింది. తప్పిన కొలతలు కొట్టేయలేదు, పక్కన ఎందుకు తప్పిందో రాసింది. ఆ నోట్సు చూసినప్పుడు నాకు ఆ పిల్ల మీద గౌరవం పుట్టింది. అంతకు ముందు పుట్టిందంతా ముద్దే.

ఏప్రిల్ మొదటి వారంలో ఆ పెట్టె చెరువు మీదికి ఎక్కింది. చెరువు మధ్యకి వెళ్ళే కర్రల వంతెన చివర మీటరు, కడ్డీ. అక్కణ్ణుంచి గట్టు మీది మోటారు షెడ్డు దాకా పొడుగాటి ఫోను తీగ. షెడ్డులో మంజుష పెట్టె, గంట. రాజుగారు కొబ్బరికాయ కూడా కొట్టారు.

మరుసటి రోజు ఎర్రటి ఎండలో, పదకొండున్నరకి గంట మోగింది.

మధ్యాహ్నం పూట నీళ్ళలో ఆక్సిజన్ తగ్గడమంటే పట్టపగలు చుక్కలు పొడవడమే. రాజుగారు పరుగెత్తుకొచ్చి ఏరేటర్లు వేశారు. మీటరు ముల్లు చూస్తే నిక్షేపంగా ఉంది. సాయంత్రం ఆరున్నరకి మళ్ళీ మోగింది. మర్నాడు మళ్ళీ రెండు పూటలా మోగింది. అయిదో రోజుకి ఆయన ఓపిక అయిపోయింది. కాలేజీకి ఫోను చేసి నన్నే పిలిపించారు.

"చంద్రరావు గారూ, మీరు పెద్దవారు, మీరైనా చెప్పండి. ఈ గంట చూసుకుని పడుకుంటే నిజంగా ఆక్సిజన్ పోయిన రోజు కూడా ఇది అబద్ధమేలే అనుకుంటానండి. గంట లేనప్పుడే నయం, భయంతోనైనా మెలకువుండేది. ఆదివారం మధ్యాహ్నం దాకా చూస్తాను. అప్పటికీ అబద్ధం మోగితే పీకేస్తాను. అమ్మాయిని అందరిలాగే హైదరాబాదు నుంచి తెప్పించుకోమనండి" అన్నారు.

ఆయన మాటల్లో తప్పేమీ లేదు. ల్యాబులో మళ్ళీ అంతా విప్పి చూశాం. రెసిస్టర్లు బాగున్నాయి, జీనర్ బాగుంది, చిప్ బాగుంది. బల్ల మీద బ్రహ్మాండం, చెరువు మీద అధ్వాన్నం. వైవాకి ఇంక పదిహేను రోజులు లేవు. నాకు దిక్కు తోచలేదు. దిక్కు తోచనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే నేనూ చేశాను.

"పోనీ కొనేయమ్మా. ఎవరేమంటారు? అందరూ కొంటున్నదే కదా" అన్నాను.

మంజుష నా వంక చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఆశ్చర్యం ఉంది. "కొన్న పెట్టె మా నాన్నగారిని పడుకోబెట్టదు కదా మాస్టారూ" అని, పుస్తకం తెరిచింది. పెట్టెలో గంట మోగిన సమయాలు దాచుకునేలా ముందే ప్రోగ్రాం రాసుకుంది. అవన్నీ ఒక పేజీలో ఎక్కించింది. పదకొండూ ముప్ఫై అయిదు, ఆరూ ఇరవై. పదకొండూ నలభై, ఆరున్నర. పదకొండున్నర, ఆరూ పాతిక.

"నీళ్ళకి టైంటేబులు ఉండదు మాస్టారూ. మనుషులకే ఉంటుంది" అంది. "పెట్టె మళ్ళీ షెడ్డులో పెడతాను. ఆదివారం నాతో వస్తారా?"

ఆదివారం నా స్కూటరు మీద వెళ్ళాను. నేను చేరేసరికి పదకొండు దాటింది. రాజుగారు షెడ్డు నీడలో మంచం మీద కూర్చుని ఉన్నారు. పక్కన స్క్రూడ్రైవరు ఉంది. పెట్టె విప్పడానికి సిద్ధం చేసుకున్నదే అది. కళ్ళు ఎర్రగా గుంటలు పడి ఉన్నాయి. నాకు మజ్జిగ ఇప్పించారు. "పన్నెండింటి దాకా చూస్తానమ్మా" అన్నారు కూతురితో.

మంజుష పెట్టె దగ్గరికి వెళ్ళలేదు. గట్టు చివర, చెరువు కాపలా ఉండే లోవమ్మ పాక గుమ్మంలో కూర్చుంది. లోవమ్మ ఆ చెరువుకి మేత వేస్తుంది, ట్రేలు లాగి రొయ్య మేత తింటోందో లేదో చూస్తుంది. ఆ పాకలోనే ఉంటుంది. కత్తిపీట ముందు పెట్టుకుని వంకాయలు తరుగుతోంది. నాకు ఒళ్ళు మండింది. అవతల గంట సమయంలో ప్రాజెక్టు గంగలో కలిసేలా ఉంటే ఈ పిల్ల వంకాయల దగ్గర కూర్చోవడమేమిటి?

"లోవమ్మా, రోజూ పదకొండున్నరకి నువ్వేం చేస్తుంటావు?" అని అడిగింది మంజుష.

"ఏం చేత్తానండి అమ్మాయిగారూ, వంటేనండి."

"వంటకి ముందు?"

"లైటేసుకుంటానండి. పాకలో చీకటి గదండి, కిటికీ లేదు. మళ్ళా పొద్దుగూకాక ఏత్తాను." కత్తిపీట మీద నుంచి చెయ్యి తీసింది. "ఆ గంట నేను లైటెయ్యగానే మోగుద్దండి."

నేను చేతిలో గ్లాసు కింద పెట్టేశాను. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?" అని అరిచాను.

"నన్నెవురడిగారండి?" అంది లోవమ్మ.

నిజమే, ఎవరూ అడగలేదు. రాజుగారు అడగలేదు, నేను అడగలేదు. చిప్‌ని అడిగాం, రెసిస్టర్లని అడిగాం.

మంజుష లైటు వేయమంది. లోవమ్మ స్విచ్ వేసింది. షెడ్డులో గంట గణగణా మోగింది. తీసేయమంది. ఆగింది. మళ్ళీ వేయమంది. మళ్ళీ మోగింది. రాజుగారు మంచం మీద నుంచి లేచి మెల్లగా ఇటు నడిచొచ్చారు.

మంజుష తీగ వెంట కళ్ళు నడిపించింది. షెడ్డు నుంచి తాటి కొయ్యల మీదుగా పాకలోకి ఒకే ఒక్క తీగ వచ్చింది. బల్బుకి రెండో తీగ ఉండాలి కదా. అది పాక వెనక్కి వెళ్ళింది. అక్కడ గట్టు దిగువన, నీటి అంచుకి బారెడు దూరంలో ఒక ఇనప కడ్డీ దిగ్గొట్టి ఉంది. రెండో తీగ దానికి చుట్టి ఉంది. మేత చల్లే తెప్ప తాడు కూడా దానికే కట్టి ఉంది.

చూడగానే నాకు అర్థమైంది. మా వైపు చెరువుల మీద ఇది కొత్తేం కాదు. దూరపు పాకకి రెండు తీగలు లాగడం దండగని ఒక తీగ లాగి, రెండో దానికి బదులు నేలనే వాడుకునేవాళ్ళు. ఎర్త్ లైటు అనేవాళ్ళు. మాది ఉప్పు నేల, తడి నేల. బల్బు బాగానే వెలుగుతుంది.

"రెండో తీగెందుకండి? షెడ్డు నుంచి ఇక్కడికి నూట యాభై గజాలుంది" అన్నారు రాజుగారు నాతో. ఆయన గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది. "నేనే కట్టాను. రెండేళ్ళయింది, ఒక్కసారి ఆరిపోలేదు."

"ఎండలొచ్చాక మసగ్గా ఎలుగుతోందండి" అంది లోవమ్మ. "అప్పుడు ఆ కడ్డీ మొదట్లో బిందెడు నీళ్ళు పోత్తానండి. బాగా ఎలుగుద్ది. రాజుగారే చెప్పారు అలా పొయ్యమని. నీళ్ళు పోత్తే గంట ఇంకా గట్టిగా మోగుద్దండి."

మంజుష ముఖం తెల్లబోయింది. నా స్కూటరు డిక్కీలో మల్టీమీటరు ఉంది, తెమ్మంది. ఒక తీగని పొడుగాటి వైరుతో షెడ్డు దగ్గరి ఎర్త్ గుంటకి కలిపింది. రెండో తీగ కొసని వెదురు కర్రకి కట్టి, వంతెన దగ్గర నీళ్ళలో ముంచింది. లైటు లేనప్పుడు మీటరు సున్నా దగ్గరే ఉంది. లైటు వేయగానే మూడు వోల్టులు చూపించింది. అంచు వెంట పాక వైపు నడుచుకుంటూ కర్ర ముంచుతూ వచ్చింది. ఏడు. పదకొండు. లోవమ్మ గిన్నెలు తోముకునే రేవు దగ్గర ఇరవై నాలుగు. ఇనప కడ్డీకి ఆనించింది. తొంభై రెండు.

"నాన్నగారూ, వోల్టేజీ అంటే ఎత్తు లాంటిదండి. ఎప్పుడూ ఎక్కణ్ణుంచో కొలవాలి. నా పెట్టె షెడ్డు దగ్గర నేలని సున్నా అనుకుని అక్కణ్ణుంచి కొలుస్తోంది. మీటరు కడ్డీ ఉన్నది చెరువు నీళ్ళలో. లైటేస్తే ఈ నీళ్ళు సున్నా కావు. అందుకే లెక్క తప్పి గంట మోగింది" అంది. తర్వాత లోవమ్మ వైపు తిరిగింది. "లోవమ్మా, నీళ్ళు పోసేటప్పుడు నీకేమీ అనిపించదా?"

"అప్పుడప్పుడు కాళ్ళు జుమ్మంటాయండి. తెప్ప తాడు ఇప్పేటప్పుడు చేతికి కూడా తగులుద్ది. రబ్బరు చెప్పులేసుకుంటే తగ్గుద్దండి" అంది లోవమ్మ, దోమ కుట్టిన సంగతి చెప్పినంత తేలిగ్గా.

వేసవి ముదిరి గట్టు ఎండే కొద్దీ ఆ తొంభై పెరుగుతుందని నాకు తెలుసు. ఏదో ఒక రోజు తడి చేతులతో, వట్టి కాళ్ళతో బిందె పట్టుకెళ్ళిన మనిషి వెనక్కి రాదని కూడా తెలుసు. అలా పోయిన వాళ్ళని మా వైపు ప్రతి వేసవిలోనూ వింటూనే ఉంటాం. పాపం, టైం అయిపోయింది అనుకుంటాం. వారం రోజులుగా రెండు పూటలా ఆ గంట కొట్టుకుంటూనే ఉంది. మేమే దాన్ని అబద్ధాలకోరు అన్నాం.

రాజుగారు మంచం దగ్గరికి వెళ్ళి ఆ స్క్రూడ్రైవరు తీసుకున్నారు. పెట్టె వైపు వెళ్ళలేదు. షెడ్డులో ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నారు. పాక వెనక్కి వెళ్ళి, తీగ విప్పి, ఆ కడ్డీని రెండు చేతులతో ఊపి ఊపి బయటికి లాగారు. బురద చేతులతోనే లోవమ్మ ముందు నిలబడ్డారు.

"తప్పు నాదమ్మా" అన్నారు. ఆ గట్టు మీద పనిచేసే మనిషిని ఆయన అమ్మా అనడం అంతకు ముందు నేను వినలేదు. లోవమ్మ గాభరా పడి, "అయ్యో, అదేం మాటండి బాబుగారూ" అంటూ ఆయన చేతులకి నీళ్ళు పోసింది.

ఆ ఎండలోనే ఆయన నరసాపురం వెళ్ళి తీగ చుట్ట తెచ్చారు. మూడింటికల్లా నేనూ ఆయనా కలిసి రెండో తీగ లాగేశాం. లోవమ్మ లైటు వేసింది. బల్బు తెల్లగా వెలిగింది, గంట మోగలేదు. రాజుగారు ఇంకోసారి వేయమన్నారు, ఇంకోసారి, ఇంకోసారి. చివరికి లోవమ్మే, "బల్బు మాడిపోద్దండి" అని ఆపేసింది.

అప్పుడైనా ఈ పిల్ల సంబరపడుతుందని చూశాను. పుస్తకం తీసి రాసుకుంటోంది. "తప్పు నాది కూడా ఉంది మాస్టారూ. ఆ నేలా ఈ నేలా ఒకటేనని కొలవకుండా అనుకున్నాను. పక్క చెరువు వాళ్ళు రేపు ఎర్త్ లైటు వేస్తే మళ్ళీ మోగుతుంది" అంది. రెండు రోజుల్లో పెట్టెని వంతెన చివరికి, మీటరు పక్కకే మార్చేసింది. బ్యాటరీ మీద నడిచేలా చేసి, షెడ్డుకి గంట తీగలు మాత్రం లాగింది. నాకు ఈ ఆలోచన వచ్చేది కాదు. గంట ఆగింది కదా అని స్కూటరెక్కి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. పని వచ్చిన వాళ్ళని చాలా మందిని చూశాను. పని అయిపోయాక కూడా దాన్ని వదలని వాళ్ళని ఆ ఒక్క పిల్లనే చూశాను.

వైవా రోజున ఎగ్జామినర్ పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. సోల్డరింగ్ నీటుగా ఉంది. అదే కొంప ముంచింది.

"బాగుందమ్మా. హైదరాబాదులో ఎక్కడ తీసుకున్నారు?" అన్నాడు.

"నేనే చేశానండి."

"అందరూ అదే అంటారు" అని నవ్వి, మార్కుల కాగితం మీదికి వంగాడు.

మంజుష కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. వైవాల్లో ల్యాబ్ టెక్నీషియన్ మాట్లాడకూడదు. ఇరవై ఏళ్ళలో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆ రోజు బీరువా మీద నుంచి హార్లిక్స్ సీసా దించి, ఎగ్జామినర్ ముందున్న మార్కుల కాగితం మీద పెట్టాను.

"కొన్న పెట్టెలకి చిప్‌లు కాలవండి. చదవండి" అన్నాను.

ఆయన విసుగ్గానే మూత తీశాడు. కాగితం ముక్కలు ఒక్కొక్కటే చదివాడు. మంజుష, మార్చి ఆరు. మంజుష, మార్చి పది. మంజుష, మార్చి పన్నెండు. తర్వాత ఆమె నోట్సు అడిగి తీసుకున్నాడు. నిలబడే పేజీలు తిప్పడం మొదలెట్టాడు. కాసేపటికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పకోడీ చల్లారిపోయింది. ముప్పావుగంట ప్రశ్నలడిగాడు. అవి పరీక్ష కోసం అడిగినవి కావు, తెలుసుకోవడానికి అడిగినవి.

చివరగా, "ఇంతకీ ఇది నిజంగా పనిచేస్తోందా?" అన్నాడు.

"మొన్న తెల్లవారుజామున మోగిందండి. లోవమ్మ ఏరేటర్లు వేసింది. రొయ్యకి ఏమీ కాలేదు" అంది మంజుష. "నాన్నగారికి తెలియదండి. ఇంట్లో పడుకున్నారు. ఎనిమిదింటికి లేచారు."

ఎగ్జామినర్ సీసా మూత పెట్టబోతున్నాడు. ఇక దాచుకోలేకపోయాను.

"మార్చి పన్నెండుది నాదండి. ఆ అమ్మాయి పేరు రాశాను గానీ, కాల్చింది నేను" అన్నాను.

ఎగ్జామినర్ నా వైపు విచిత్రంగా చూశాడు. మంజుష మాత్రం నవ్వింది.

"నాకు తెలుసు మాస్టారూ. నాబ్ పదిహేను మీదే వదిలేశారు. జీనర్ పెట్టే దాకా నేను పన్నెండు దాటించలేదు కదా" అంది.

ఆ రోజు నుంచీ తెలుసు. నెలన్నర పాటు తెలిసి, నన్ను మాస్టారూ అనే పిలిచింది. కొనేయమ్మా అన్న రోజున కూడా అలాగే పిలిచింది. నాకు సిగ్గూ సంతోషమూ రెండూ కలిసి వచ్చి, అక్కడ ఉండలేక బయటికొచ్చి పంపు కింద ముఖం కడుక్కున్నాను.

అందరూ వెళ్ళిపోయాక సీసా మూత తీసి, మూడో చిప్ దారం విప్పాను. కొత్త కాగితం మీద 'చంద్రరావు, 12-3-2003' అని రాసి కట్టాను. ఆ జూలైలో కొత్త బ్యాచ్‌కి సీసా చూపించినప్పుడు, ముందు దాన్నే తీసి చూపించాను.